థార్‌కి 600 రూపాయల టో రోప్ సరిపోద్దా, లేక వేరేది కొనాలా?

తమ్ముడూ, సరిపోదు. నువ్వు అడిగింది ఆ రెండు చివర్లా ఇనప కొక్కేలుండి మధ్యలో పల్చటి పట్టీ ఉండే రోప్ గురించేగా, మీద 5 టన్నులు అని రాసుంటది? అది బ్యాటరీ డౌన్ అయిన కారుని తారు రోడ్డు మీద మెల్లగా షెడ్డు దాకా లాక్కుపోడానికి. దిగబడిన బండిని పీకడానికి కాదు.

మాది సత్తెనపల్లి వైపు, నల్లరేగడి. కొన్నేళ్ళ కింద ఆగస్టులో బాగా వాన పడ్డాక మా మావయ్య పత్తి చేను చూద్దామని బొలేరోలో బయల్దేరాం, డొంకలో ఇరుసు దాకా దిగబడింది. తెలిసినాయన ఇంకో బండి తెచ్చాడు, లారీల్లో లోడు బిగించే బెల్టు ఉంటే దాని కొక్కేలే రెండు బండ్లకీ తగిలించాం. మెల్లగా లాగితే కదల్లేదు. ఎవరో "ఓ జెర్క్ ఇవ్వరా" అన్నారు, అంతే, ముందు బండి నాలుగడుగులు వెనక్కొచ్చి ఊపుగా లాగింది, మా బండి వైపు కొక్కెం తెరుచుకుని బెల్టుతో సహా ఎగిరొచ్చి ఆ బండి వెనక అద్దం పగలగొట్టి సీట్లో పడింది. అప్పటిదాకా ఆ సీట్లో మావయ్య కొడుకు కూర్చుని ఉన్నాడు, చెప్పులు కడుక్కుందామని కాలవ దగ్గరికి దిగాడు కాబట్టి బతికిపోయాడు. ఆ రోజు నుంచీ ఈ తాళ్ళ సంగతి కాస్త పట్టించుకుని తెలుసుకున్నా.

ముందు నువ్వు తేల్చుకోవాల్సింది తాడు సాగేదా సాగనిదా అని. టో స్ట్రాప్, లోడు బెల్టు ఇవన్నీ మామూలుగా పాలియెస్టర్, పెద్దగా సాగవు. ఇనప వైరు, గొలుసు అసలే సాగవు. వీటితో మెల్లగా బిగించి లాగొచ్చు గానీ ఊపు ఇచ్చావంటే ఆ దెబ్బంతా ఒక్క క్షణంలో కొక్కెం మీదో ఛాసిస్ మీదో పడుద్ది. స్నాచ్ స్ట్రాప్, కైనెటిక్ రోప్ నైలాన్‌తో చేస్తారు, పట్టీలా ఉండే స్నాచ్ స్ట్రాప్ 20 శాతం దాకా, గుండ్రంగా అల్లిన కైనెటిక్ రోప్ 30 శాతం దాకా సాగుద్ది, అంటే 9 మీటర్ల రోప్ ఇంకో రెండున్నర మీటర్ల పైన సాగి, ఆ దాచుకున్న బలంతో దిగబడిన బండిని మెత్తగా బయటికి లాక్కొస్తది. నీకు కావాల్సింది ఇది.

సైజు దగ్గర చాలామంది పొరపాటు పడతారు, ఎంత లావుంటే అంత మంచిది అనుకుంటారు. కాదు. మరీ లావు తాడు తేలిక బండికి సాగదు, మళ్ళీ గొలుసు కట్టినట్టే. రెండు బండ్లలో తేలికదాని బరువుకి రెండు నుంచి మూడు రెట్లు తెగే బలం ఉన్నది తీసుకో. ఆర్సీలో అన్‌లాడెన్ అని ఉండేది ఖాళీ బండి బరువు, దానికి మనుషులూ సామానూ కలుపుకో. థార్ అంటే రెండు టన్నుల పైచిలుకు అవుద్ది కాబట్టి, మూడు రెట్ల లెక్కకి కాస్త పైనే అయినా, 8 టన్నుల స్నాచ్ స్ట్రాప్ చూసుకో. ఆ 8 టన్నులు తెగే బలమా లేక పని లోడా (వాడకంలో మోయించదగ్గ బరువు) అనేది రాసుందో లేదో చూడు, ఏదీ రాయకుండా ఉత్త టన్నులు వేసేవాడి దగ్గర కొనకు.

కొక్కేలు ఉన్నది మాత్రం అసలొద్దు. రెండు చివర్లా కుట్టిన లూపు ఉండాలి, దాన్ని షాకిల్‌తో, అంటే నోరు మూసి బిగించే లింకుతో, బండికి కట్టాలి. ఇనప బో షాకిల్ అయితే మీద 4.75 టన్నులు అని అచ్చు పోసి ఉన్నది కొను, ఏమీ రాయని హార్డ్‌వేర్ షాపు షాకిల్ వద్దు. నేనైతే సాఫ్ట్ షాకిల్ వాడతా, తాడుతో అల్లిందే, తెగినా ఇనప ముక్కలాగా వచ్చి తగలదు, కాకపోతే పదునైన అంచు తగిలితే కోసుకుపోద్ది.

ఇక దేనికి కడతావు అనేదే అసలు గొడవ. బంపర్‌లో స్క్రూలా తిప్పి బిగించే టో రింగు, ట్రక్కులో బండిని కట్టేసే కింది హుక్కులు, వెనకాల ట్రైలర్ బాల్ (ట్రైలర్ తగిలించే ఇనప గుండు), వీటికి కట్టొద్దు. ట్రైలర్ బాల్ విరిగి ఎగిరొచ్చి మనుషులు పోయారు, ఆస్ట్రేలియాలో ఇలాంటివి జరిగాయి. ఛాసిస్‌కి బోల్టుతో బిగించిన రికవరీ పాయింట్, అంటే దిగబడిన బండిని లాగడానికి తాడు కట్టే చోటు, ఎక్కడుందో మాన్యువల్ చూడు. రెండు స్ట్రాపులు కలపాల్సి వస్తే మధ్యలో షాకిల్ పెట్టకు, ఒకదాన్లో ఒకటి దూర్చి కలుపుకో.

లాగే ముందు పార తీసుకుని చక్రాల ముందు, ఇరుసు కింద మట్టి తవ్వు. రేగడి పీల్చి పట్టుకుంటది, ఆ పట్టు వదిలించకుండా లాగితే ఎంత మంచి రోప్ అయినా దండగే, సగం సార్లు తవ్వాక అదే వచ్చేస్తది. తర్వాత ఓ మీటరు, మీటరున్నర వదులు ఉంచి లో గేర్‌లో నడక కంటే కాస్త ఎక్కువ స్పీడులో పోవాలి, రన్నింగ్ రేస్ కాదు. తాడు మధ్యలో తడి గోనెపట్టా వెయ్యి, అది గ్యారంటీ ఏమీ కాదు గానీ కొంత నయం. జనాన్ని తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరం పంపించెయ్, మన ఊళ్ళలో ఇదే కష్టం, బండి దిగబడిందంటే సగం ఊరు వచ్చి తాడు పక్కనే నిలబడి సలహాలిస్తది.

ట్రాక్టర్ దొరికితే సాగని స్ట్రాపే చాలు, ఊపు లేకుండా మెల్లగా లాగమను. కింద ట్రాలీ తగిలించే డ్రాబార్‌కే కట్టాలి, పైన పనిముట్లు పట్టి ఉంచే టాప్ లింక్‌కి కడితే ట్రాక్టర్ ముందు లేచి డ్రైవర్ మీదికే తిరగబడుద్ది.

వాడాక మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టు, ఇసక రేణువులు లోపల చేరి పోగుల్ని కోస్తాయి. ఎక్కడైనా కోత పడితే ఇంక రికవరీకి వాడకు. నీ బండి కింద ముందూ వెనకా ఫోటోలు తీసి పెట్టు, ఏ పాయింట్‌కి కట్టొచ్చో చూసి చెప్తా.