ఇత్తడి బిళ్లను తిరగేసి చూశారా?

ప్రశ్న: మా తాతగారి భోషాణంలో అరచేయంత ఇత్తడి బిళ్ల దొరికింది. నడుమ విక్టోరియా రాణి తల, అంచున 1887 అని ఉన్నాయి. పైన తోలు పట్టీ దూర్చే కన్నం ఉంది. చిలుము పట్టింది గనుక చింతపండుతో తోమించి అమ్ముదామని మా అబ్బాయి అంటున్నాడు. ఇది నిజంగా పాతదేనా? ఎంత పలుకుతుంది?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ముందు ఆ చింతపండును పక్కన పెట్టించండి. మనవైపు ఎడ్ల మెడ పట్టెడలకు మువ్వలూ గంటలూ కట్టినట్టే, ఇంగ్లండులో బండివాళ్లు గుర్రాల తోలు సామానుకు ఇలాంటి బిళ్లలు వేలాడదీసేవారు. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఆ ముచ్చట జోరుగా సాగింది. వాల్సాల్ పట్టణం వీటి తయారీకి పేరుపొందింది. 1887 అన్నది విక్టోరియా రాణి ఏలుబడి 50 ఏళ్ల ఉత్సవం జరిగిన సంవత్సరమే గాని, బిళ్ల తయారైన ఏడాదికి రుజువు కాదు. అవే నమూనాలను తర్వాత గోడలకు తగిలించుకోవడానికి కూడా పోసి అమ్మారు.

అందుచేత బిళ్లను తిరగేయండి. పాత పోత బిళ్లలను ఆకురాయితో నునుపు చేసేటప్పుడు వైస్ అనే పట్టుకునే పనిముట్టు‌లో బిగించడానికి వీలుగా వెనక రెండు చిన్న మొలకలు ఉంచి పోసేవారు. తర్వాత వాటిని తీసేసినా మచ్చలు తరచుగా మిగులుతాయి. మచ్చలు లేనంత మాత్రాన కొత్తదని కొట్టిపారేయకండి, 1880 ప్రాంతం నుంచి రేకుపై అచ్చొత్తిన తేలికపాటి బిళ్లలు కూడా వచ్చాయి. వీటన్నిటికంటే నేను నమ్మేది అరుగుదలను. ఏళ్ల తరబడి తోలుకు వేలాడిన బిళ్లకు కన్నం పై అంచు లోపలివైపు నున్నగా పల్లం పడుతుంది, తోలుకు రాసుకున్న కింది అంచు వెనకభాగం కూడా మెత్తబడుతుంది. ఆకురాయితో దొంగ అరుగుదల తెచ్చినవాళ్లు ఒకే వరుసలో గీతలు వదిలి భూతద్దానికి దొరికిపోతారు.

చిలుమును మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. కోనసీమ ఉప్పుగాలికి నిన్నటి ఇత్తడికీ అది పడుతుంది. (నేనొకసారి దాన్ని చూసే మురిసిపోయి డబ్బు పోగొట్టుకున్నాను.) చింతపండు పులుపు పైపొరను తినేసి ఎర్రటి రాగి ఛాయ తెస్తుంది, అరుగుదల గుర్తులూ దాంతో చెదిరిపోతాయి. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, తేమ తగలని డబ్బాలో ఉంచండి.

ఉత్తరం చూసి ధర కట్టడం న్యాయం కాదు. కన్నాన్నీ వెనకవైపునూ పక్కవెలుతురులో దగ్గరగా తీసిన ఫొటోలు పంపితే పోతదో, అచ్చుదో చెప్పగలను. ఈలోగా విదేశీ బేరమేదైనా వస్తే ఒప్పుకోకండి: వందేళ్లు దాటిన కళాకృతులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధిస్తోంది.