రూటర్‌లో ఏదైనా ఎక్కించే ముందు

హన్మకొండ

అల్లుడూ,

జగిత్యాలలో మీ ఇంటి రూటర్‌లోకి టెల్నెట్‌తో (దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి) పోయి, లైనక్స్ లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ అని కొడితే అలాంటి కమాండ్ లేదన్నదట కదా. కంపెనీవాళ్లు లైనక్స్‌ని సగం కోసి ఇచ్చారని నీ కోపం. అది తెలిసి అలా కట్టిన సిస్టమ్. ఎందుకో పట్టుకుంటే ఏం చేయాలో నీకే తోస్తుంది.

మొదటిది జాగా. పాత చవక రూటర్లలో ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ దాచే చిప్) 4 ఎంబీయో 8 ఎంబీయో, ర్యామ్ 32 ఎంబీయో 64 ఎంబీయో. నీ లాప్‌టాప్‌లో ఆప్ట్ దించుకునే ప్యాకేజీల జాబితాలకే ఆ ఫ్లాష్ చాలదు. అందుకే చాలా కమాండ్లను ఒకే చిన్న ఫైలులో ఇమిడ్చిన బిజీబాక్స్ పెడతారు. ఎల్‌ఎస్, సీపీ, గ్రెప్ అని విడివిడిగా కనిపిస్తున్నవి చాలావరకు ఆ ఒక్క ఫైలుకే లింకులు. ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొట్టి చూడు, బాణం గుర్తులన్నీ అటే చూపిస్తాయి.

కానీ ఇప్పుడు 128 ఎంబీ ఫ్లాష్ ఉన్నవాటిలో కూడా ఆప్ట్ లాంటి ప్యాకేజీ మేనేజర్ ఇవ్వరు. నా లెక్కలో అసలు కారణం వేరే. కంపెనీ టెస్ట్ చేసేది ఒక్క ఇమేజ్‌ని, అంటే రూటర్ సాఫ్ట్‌వేర్ అంతా కలిపిన ఒకే ఫైలుని, మొత్తంగా. వైఫై డ్రైవర్ తరచుగా చిప్ కంపెనీ ఇచ్చిన సోర్స్ ఇవ్వని మూసిన ఫైలు, ఒకే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) వెర్షన్‌తో పనిచేస్తుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో కలయిక ఉంటే ఫోన్ ఎత్తినవాడు ఏం చెప్పగలడు? పైగా ప్యాకేజీల సర్వర్‌ని ఏళ్ల తరబడి నడపాలి.

ఆ ఇమేజ్ చాలా రూటర్లలో స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన ఫైల్ సిస్టమ్‌లో ఉంటుంది, చదవడమే తప్ప రాయడం కుదరదు. ఎండాకాలం గాలిదుమారానికి మన దగ్గర కరెంటు ఎన్నిసార్లు పోయినా రూటర్ మళ్లీ లేస్తుందంటే అందుకే. రీసెట్ నొక్కితే సెట్టింగులే పోతాయి. ఇది నాకు చాలా నచ్చే గుణం. అమ్మిన రెండేళ్లకే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. నీ కోపం అక్కడ పెట్టు.

నీకు ప్యాకేజీలే కావాలంటే రూటర్ల కోసం చేసిన ఉచిత లైనక్స్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉంది. లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్ సోర్స్ కోడ్ బయటికి వచ్చాక 2004లో మొదలైంది. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ రూటర్లను వాళ్లు కూడా వదిలేశారు కాబట్టి ముందు మోడల్ చూడు, దాని పక్కనే ఉండే హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూడు. పేరు ఒకటే ఉండి లోపల చిప్ వేరే ఉంటుంది.

ఎక్కించాక, జాగా ఎంత నిండిందో చూపే డీఎఫ్ కొడితే రోమ్ (ఇమేజ్ ఉండే భాగం) నూటికి నూరు శాతం నిండిందని చూపిస్తుంది. టెన్షన్ పడకు, స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎప్పుడూ అంతే. నువ్వు చూడాల్సింది ఓవర్‌లే వరుస, నువ్వు కొత్తగా రాసేవి చేరే జాగా అదే. ఇమేజ్‌తో పాటు వచ్చిన ప్యాకేజీలన్నిటికీ ఒకేసారి అప్‌గ్రేడ్ కొట్టొద్దు. కొత్త కాపీ ఓవర్‌లేలో కూర్చుంటుంది, పాతది రోమ్‌లో కదలదు. జాగా రెండింతలు పోతుంది, కెర్నల్ మాడ్యూళ్లు కుదరకపోతే బూట్ కూడా కాకపోవచ్చు. దానికి బదులు ఇమేజ్ బిల్డర్‌తో కావలసినవన్నీ కలిపి ఇమేజ్ చేసుకుని సిస్‌అప్‌గ్రేడ్ కమాండ్‌తో ఎక్కించు.

ఆ పని వైఫై మీద చేయకు. లాన్ వైరు పెట్టు, ఇన్వర్టర్ మీద నడిపించు. ఎక్కించడం చెడితే టీఎఫ్‌టీపీతో (నెట్‌వర్క్ మీద ఫైలు పంపే పద్ధతి) వెనక్కి తెచ్చుకునే దారి నీ మోడల్‌కి ఉందో లేదో ముందే చదువుకో. చెల్లెలి క్లాసులు ఆ రూటర్ మీదే నడుస్తున్నాయి కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు, సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొనుక్కో.

కొనే ముందు కింది లేబుల్ ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి. సరిపోయే ఇమేజ్ ఉందో లేదో చూసి చెప్తాను.

మీ మామ