పూత పోయిన కప్పులు వాపసు తీసుకోరట!

ప్రశ్న: మాది కాజీపేట. గృహప్రవేశానికి వచ్చే చుట్టాల కోసం హనుమకొండలో ఒక షాపులో బంగారు అంచు, పూల డిజైను ఉన్న ఆరు సిరామిక్ కప్పులు 2,700 రూపాయలకు కొన్నాను. మూడు వారాలైంది. నాలుగే వాడాం. స్పాంజి, గిన్నెల లిక్విడ్‌తోనే కడిగాను. అయినా పూలు వెలిసిపోయాయి, అంచు ఊడింది. ఒక కప్పులో పాలు వేడి చేయబోతే మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలు కూడా వచ్చాయి. షాపాయనేమో బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూపించి, ‘స్టీల్ పీచుతో తోమి ఉంటారమ్మా’ అంటున్నాడు. నేను ఏం చేయగలను?

జవాబు: ముందుగా, వాడని ఆ రెండు కప్పులనూ కడగకండి. వచ్చిన అట్టపెట్టెలోనే ఉంచండి. మీ తరఫు సాక్షులు అవే.

ముద్ర గురించి టెన్షన్ పడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు ఏదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ‘తీసుకోబడదు’ అనేది గడువు కాదు కదా. అయితే ఇది లోపమున్న సరుకుకే వర్తిస్తుంది. రంగు నచ్చలేదనో, మరోచోట చవకగా దొరికిందనో వెనక్కి ఇస్తానంటే కుదరదు.

కాబట్టి అసలు తగాదా కడిగిన తీరు మీదే నడుస్తుంది. గ్లేజు (కప్పు మీద గాజులా మెరిసే పూత) కింద వేసిన డిజైను ఏళ్ల తరబడి కడిగినా పోదు. గ్లేజు పైన వేసి, తక్కువ వేడిలో కాల్చిన పూలూ బంగారు అంచూ సున్నితం. స్టీల్ పీచుకు గీసుకుపోతాయి, డిష్‌వాషర్‌లో వేసే ఘాటు పొడికి వెలిసిపోతాయి. కానీ మెత్తటి స్పాంజికి మూడు వారాల్లో పోతే అది కాల్చడంలో లోపమనే నేను వాదిస్తాను. పోయిన చోట గీతలున్నాయా, లేక పూత పొరలా లేచిందా అన్నది పగటి వెలుగులో దగ్గరగా ఫొటోలు తీయండి. పెట్టె మీద ‘చేత్తోనే కడగాలి’ లాంటి సూచన ఉందా, లేదా అన్నదీ ముఖ్యం. సూచన ఉండి మీరు పాటించకపోతే కేసు బలహీనం.

షాపాయన పీచు మాట వదలకపోతే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసినప్పుడు, వాడని కప్పును ల్యాబ్‌కు పంపమని అడగవచ్చు. అదే చట్టం 38వ సెక్షన్ అందుకు వీలిస్తుంది, మామూలుగా 45 రోజుల్లో రిపోర్టు రావాలి. కానీ పరీక్ష ఫీజు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు. 2,700 రూపాయల కోసం అంతదాకా వెళ్లాలా అంటే, నేనైతే వద్దనే అంటాను.

మైక్రోవేవ్ సంగతి వేరు. బంగారు అంచు లోహం, రవ్వలు రావడం సహజమే. పెట్టె మీద ‘మైక్రోవేవ్‌కు పనికొస్తుంది’ అని రాసి ఉంటే తప్ప దాన్ని ఫిర్యాదులో కలపకండి. అవతలి లాయర్‌కు మీరే ఆయుధం ఇచ్చినట్టవుతుంది.

మీకింకా 30 రోజులు దాటలేదు. ఈ వారమే షాపుకు ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, అదే వాట్సాప్‌లోనూ పెట్టండి. కదలిక లేకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలిపోతుంటాయి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, రెండేళ్ల దాకా గడువుంది. మానసిక వేదనకు రెండు లక్షలు అని మాత్రం రాయకండి.

అన్నట్టు, బిల్లు మిషన్‌లోంచి వచ్చిన నున్నటి కాగితమైతే ఈరోజే జిరాక్స్ తీయించండి. ఆ అక్షరాలు కూడా మీ పూలలాగే వెలిసిపోతాయి.