పాళీ మారింది, డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఐటీ ఉద్యోగం. చిన్నప్పుడు తాతగారిచ్చిన రాజమండ్రి రత్నం పెన్నుతో మొదలై, పాత ఇంకు పెన్నులు పోగుచేయడం నాకు పిచ్చిగా మారింది. ఇలాంటివాళ్లమంతా ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. అందులో చెన్నైలో ఉండే ఒక తెలుగాయనతో బాగా దగ్గరయ్యాను. అన్నా అనే పిలిచేవాణ్ని, వాళ్లింట్లో భోజనం కూడా చేశాను. ఏడు నెలల కింద ఆయన దగ్గర పార్కర్ 51 పెన్ను, పెన్సిలు సెట్టు 36,000 రూపాయలకు కొన్నాను. డబ్బు యూపీఐలో వాళ్లావిడ నంబరుకు పంపమన్నారు. 'ఇన్‌కమ్ ట్యాక్స్ తలనొప్పి ఎందుకు, చేబదులు తీర్చినట్టు రాసెయ్' అంటే అలాగే రాశాను. పెన్ను వచ్చింది, వాడుకున్నాను. పోయిన నెల ఇంకు సరిగా దిగడం లేదని చిక్‌పేట వైపు ఒక రిపేరు పెద్దాయనకిస్తే, విప్పి చూసి లోపల ఉన్నది బంగారు పాళీ కాదు, స్టీలుది అన్నారు. అన్నకు ఫోన్ చేస్తే 'నేనిచ్చింది బంగారందే, నీ రిపేరువాడే మార్చేసి ఉంటాడు' అని కసిరారు. మనసు విరిగి ఆయన్ని బ్లాక్ చేసి చాట్ డిలీట్ చేసేశాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఆఫీసులో మిత్రుడొకడు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి నీకు తెలియకుండా డబ్బు పోయిందని చెప్పు, వాళ్లావిడ అకౌంటు ఫ్రీజ్ అయితే దారికొస్తాడు అంటున్నాడు. చేయొచ్చా? 420 కేసు పెట్టొచ్చా? ఇంత నమ్మకద్రోహానికి శిక్ష లేదా?

జవాబు: మీ ఉత్తరంలో సగం పైగా స్నేహం గురించే ఉంది. కోర్టు దాన్ని అడగదు. అడిగేది ఒకటే: మీరు డబ్బు పంపకముందు ఆయన ఆ పెన్నును ఏమని చెప్పి అమ్మారు? ఆ మాట ఎక్కడ రాసి ఉంది? మీ కేసు గెలిచినా ఓడినా దీని మీదే.

ఎందుకో చెబుతాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం, వస్తువు నాణ్యంగా ఉంటుందనే హామీ మామూలుగా అమ్మకంలో దానంతటదే రాదు. అమ్మినవాడు అదే సరుకు వ్యాపారం చేసేవాడైతే లెక్క వేరు. సరదాకి దాచుకున్న పెన్ను సాటి సరదా మనిషికి అమ్మినవాడి మీద ఆ సెక్షన్ నిలబడడం కష్టం. అయితే 15వ సెక్షన్ వ్యాపారికీ మామూలు మనిషికీ తేడా చూడదు. ఫలానా వస్తువు అని వర్ణించి అమ్మితే, ఇచ్చిన వస్తువు ఆ వర్ణనకు సరిపోయి తీరాలి. '14 క్యారెట్ బంగారు పాళీ, ఒరిజినల్' అని ఆయన రాసి ఉంటే, లోపల స్టీలు పాళీ ఉండటం ఒక్కటే మీకు చాలు. ఆయనకు తెలుసా తెలియదా అన్నది డబ్బు రాబట్టుకోవడానికి అక్కర్లేదు. అదే ఫోన్లో నోటిమాటగా చెప్పి ఉంటే మీ మాట, ఆయన మాట ఎదురెదురుగా నిలబడతాయి.

ఇంత విలువైన చాట్‌ను మీరు కోపంలో తుడిచేశారు. చదువుకున్నవారు, పైగా ఐటీలో పనిచేస్తున్నవారు, మీ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యాన్ని మీ చేత్తోనే చెరిపేసుకున్నారు. గొడవ మొదలైన రోజే మనిషిని బ్లాక్ చేయడం, మెసేజ్‌లు తీసేయడం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే పని. దానివల్ల బాగుపడేది అవతలివాడే.

అయినా అంతా పోలేదనుకుంటున్నాను. గ్రూపులో ఆయన ఆ సెట్టు అమ్మకానికి పెట్టిన పోస్టు ఉందా? గ్రూపు చాట్ వేరు, మీరు డిలీట్ చేసిన చాట్ వేరు. ఆ పోస్టు ఉంటే మీకు సగం ఊపిరి వచ్చినట్టే. ఇవాళే ఆ గ్రూపు చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఫొటోలతో సహా రెండు చోట్ల దాచండి. గ్రూపులోంచి బయటికి రాకండి. అక్కడ ఆయన్ని తిడుతూ ఏమీ రాయకండి, మీరు రాసే ప్రతి మాటా రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీకే ఎదురొస్తుంది. పెన్ను కొన్నాక మీరు ఫోన్ మార్చి ఉంటే పాత ఫోన్ ఎక్కడుందో చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ లోకల్ బ్యాకప్ ఫైళ్లు ఉండిపోతాయి. అలాంటి ఫోన్ ఉంటే రీసెట్ చేయకుండా, మీరు కెలకకుండా, తెలిసినవాళ్ల చేత తీయించండి.

స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ఇస్తే సరిపోతుందని అనుకోకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలు. ఒకటి మీరు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు, కూడా అందులో రాయాలి. అసలు ఫోన్‌నే కోర్టులో పెట్టి, దాని సొంతదారు బోనెక్కి చెబితే సర్టిఫికెట్ లేకపోయినా చెల్లుతుందని పాత సాక్ష్య చట్టం కింద 2020లో అర్జున్ పండిట్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నా సలహా మాత్రం రెండూ సిద్ధంగా ఉంచుకోమనే. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే కేసు తేలేదాకా మానుకోండి.

ఇక డబ్బు సంగతి. వాళ్లావిడ నంబరుకు పంపడం పెద్ద చిక్కు కాదు, 'ఈ నంబరుకు పంపు' అన్న మెసేజ్ గానీ, 'డబ్బు అందింది, రేపు కొరియర్ చేస్తా' అన్న మెసేజ్ గానీ దొరికితే అది తేలిపోతుంది. అసలు చిక్కు 'చేబదులు' అన్న రాత. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఇప్పుడు ఏముంది? మీరు ఎవరికో బాకీ తీర్చినట్టుంది. ఆయన లాయరు లేచి, 'ఇది అమ్మకమే కాదు, మా క్లయింటు భార్య దగ్గర వాది తీసుకున్న అప్పు తీర్చాడు' అంటే ఏం జవాబిస్తారు? సొంతానికి దాచుకున్న పెన్ను అమ్ముకున్నందుకు ఎవరూ అబద్ధం రాయాల్సిన పని లేదు. ఆయన అడగడం తప్పు, మీరు రాయడం అంతకంటే తప్పు. యూపీఐలో ఆ చిన్న గడి ఖాళీగా వదిలేసినా బాగుండేది. 'పార్కర్ 51 సెట్టు, బంగారు పాళీ' అని నాలుగు ముక్కలు రాసి ఉంటే ఇవాళ ఇంత రాయాల్సి వచ్చేది కాదు.

ఆ రాత ఒప్పందపత్రం కాదు కాబట్టి, అసలు జరిగిందేమిటో వేరే సాక్ష్యంతో చూపించవచ్చు. డబ్బు వెళ్లిన తేదీ, ఆ వెంటనే చెన్నైలో కొరియర్ బుక్ అయిన తేదీ పక్కపక్కన పెడితే విషయం కనబడుతుంది. కొరియర్ రసీదు, ఆయన చేతిరాతతో చిరునామా ఉన్న డబ్బా పారేయలేదు కదా? మీ బ్యాంకుకు వెళ్లి, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు కనిపించే స్టేట్‌మెంట్ బ్యాంకు సర్టిఫికెట్‌తో తీసుకోండి. యాప్‌లో కనిపించే పచ్చ టిక్కు ఫొటో దానికి బదులు కాదు. ఆయన చెప్పినందుకే అలా రాశానని దావాలో మీరే ముందు చెప్పుకోవాలి. దాచి, అవతలివాళ్లు బయటపెట్టాక ఒప్పుకుంటే జడ్జిగారు మీ మిగతా మాటల్నీ అనుమానంగా చూస్తారు.

ఇప్పుడు పెన్ను. పార్కర్ 51లో పాళీ దాదాపు అంతా హుడ్ అనే తొడుగు కింద దాగి ఉంటుంది, కొస మాత్రమే కనబడుతుంది. ఆ హుడ్‌ను లక్కతో బిగిస్తారు, వేడిచేస్తే గానీ ఊడదు. అందుకే ఇంతకాలం మీకు తెలియలేదు, ఈ వివరణను కోర్టు వింటుంది. కానీ అమ్మినాయన వేసిన ఎదురుదెబ్బ కూడా ఇక్కడే ఉంది: విప్పింది మీ మనిషి, మార్చింది కూడా అతనే కావచ్చు. దీనికి జవాబు ఆ రిపేరు పెద్దాయన ఒక్కడే. ఆయన దగ్గరికి వెళ్లి ఏ తేదీన పెన్ను ఇచ్చారో, విప్పినప్పుడు ఏం కనబడిందో, పాత లక్క చెదరకుండా ఉందో లేదో రాయించి సంతకం తీసుకోండి. రేపు సాక్ష్యం చెప్పడానికి వస్తారో లేదో ఇప్పుడే అడగండి. ఆయన రానంటే మీ కేసు బలం చాలా తగ్గుతుంది. ఇంకో ప్రశ్న కూడా అడగండి. ఆ స్టీలు పాళీ పార్కర్ కంపెనీదేనా? 51 స్పెషల్ అనే రకంలో కంపెనీయే ఆక్టేనియం అనే స్టీలు పాళీ వేసేది. లోపల ఉన్నది అదే అయితే ఆ పెన్ను మొదటినుంచీ అలాగే ఉండి ఉండొచ్చు, అమ్మినాయనకే తెలియకపోయి ఉండొచ్చు.

మీ 420 ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. పాత 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. మోసం కేసు నిలవాలంటే, అమ్మే క్షణంలోనే ఆయన మనసులో మోసం ఉందని చూపాలి. మూసి ఉన్న హుడ్ కింద ఏముందో ఆయన చూశారనడానికి మీ దగ్గర ఏముంది? ఉత్తరంలో ఏమీ లేదు. ఆయన ఆ పెన్నును ముందే ఎక్కడైనా విప్పించినట్టు, లేదా ఎవరితోనైనా పాళీ మార్చిన మాట అన్నట్టు రుజువు దొరికితే అప్పుడు మళ్లీ రాయండి. అంతవరకు ఇది సివిల్ తగాదా, పోలీసులు కూడా అదే చెప్పి పంపుతారు.

మీ మిత్రుడి సలహా గురించి గట్టిగా చెబుతున్నాను: ఆ పని చేయొద్దు. పిన్ కొట్టింది మీరు. ఎంత, ఎవరికి, ఎందుకు పంపుతున్నారో తెలిసే పంపారు. కస్టమర్‌కు తెలియకుండా జరిగిన లావాదేవీల్లో అతని బాధ్యతను తగ్గిస్తూ 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ మీలాంటివారికి వర్తించదు. 1930 హెల్ప్‌లైన్ సైబర్ మోసాల్లో నిమిషాల్లో డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్ల కోసం పెట్టింది. అక్కడ 'నాకు తెలియకుండా పోయింది' అని అబద్ధం చెప్పి, ఏ సంబంధమూ లేని ఒక ఇల్లాలి అకౌంటు ఆపించారనుకోండి. ఆమెకు జీతం ఆ అకౌంటులోనే పడుతుంటే? పిల్లల ఫీజు కట్టే వారమైతే? ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారమిచ్చి ఎదుటివారికి హాని కలిగేలా చేయడం న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం, ఏడాది దాకా జైలు ఉంది. 'డబ్బివ్వకపోతే ఫ్రీజ్ చేయిస్తా' అని మెసేజ్ పెడితే అది బెదిరించి వసూలు చేయడం దాకా పోతుంది. ఇప్పుడు వాదిగా ఉన్న మీరు ఒక్క ఫోన్ కాల్‌తో ముద్దాయి అవుతారు, న్యాయంగా రావాల్సిన 36,000 కూడా పోతుంది.

కన్స్యూమర్ కమిషన్ గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. ఆయన ఎప్పుడో ఒకటి అమ్మే మనిషైతే 'నేను వ్యాపారిని కాను' అన్న అభ్యంతరం ఖాయం. గ్రూపులో ఆయన పాత పోస్టులు చూడండి. నెల నెలా పెన్నులు కొని, లాభానికి అమ్ముతున్నట్టు తేలితే లెక్క మారుతుంది. అప్పుడు బెంగళూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. పైన చెప్పిన 16వ సెక్షన్ కూడా అప్పుడు మీ చేతికొస్తుంది.

గడువు విషయంలో పొరపాటు పడకండి. సివిల్ దావాకు మూడేళ్లు. అది పాళీ బయటపడిన రోజు నుంచి కాదు, పెన్ను మీ ఇంటికొచ్చిన రోజు నుంచి లెక్కేసుకోండి. మోసం తర్వాత తెలిసింది కాబట్టి గడువు పెరుగుతుందని వాదించే దారి ఉంది, కానీ దాని మీద ఆధారపడాల్సిన అవసరం తెచ్చుకోకండి. అంతకంటే తొందరైనది ఇంకొకటుంది. వస్తువు వద్దని తగిన సమయంలో చెప్పకపోయినా, సొంతదారులా దాన్ని మార్పుచేర్పులు చేసినా అంగీకరించినట్టే అని వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ అంటోంది. ఏడు నెలలు వాడారు, హుడ్ వేడిచేయించి విప్పించారు. కాబట్టి పెన్ను తిరిగిచ్చి మొత్తం డబ్బు అడిగే హక్కు బలహీనపడింది. అదే చట్టం 59వ సెక్షన్ కింద, బంగారు పాళీ సెట్టుకూ మీకు వచ్చినదానికీ ధరలో ఉన్న తేడా నష్టపరిహారంగా అడిగే హక్కు మాత్రం అలాగే ఉంది. ఆ తేడా ఎంతో పాత పెన్నులు అమ్మే ఇద్దరి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ వారంలోనే లాయరు ద్వారా నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. అందులో వర్ణన ఏమిటో, వచ్చింది ఏమిటో, పెన్ను వెనక్కి తీసుకుని 36,000 ఇవ్వమని, లేదా తేడా ఫలానా మొత్తం ఇవ్వమని పదిహేను రోజుల గడువుతో అడగండి. తిట్లు, శాపనార్థాలు వద్దు. బ్లాక్ తీసేయండి. ఆయన జవాబు రాస్తే అందులో 'బంగారందే ఇచ్చాను' అన్న మాట ఉండే అవకాశం ఎక్కువ, పోయిన వర్ణన అలా రాతలో మళ్లీ దొరుకుతుంది. ఫోన్ చేస్తే ఎత్తకుండా, రాసి పంపమని చెప్పండి.

దానికీ లొంగకపోతే, దావాకు ముందే జిల్లా న్యాయసేవా సాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. ఫీజు లేదు. ఆయన్ని పిలిపిస్తారు, రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు ఇస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. ఈ మొత్తానికి మీకు నేను గట్టిగా సూచించే దారి ఇదే. అక్కడా తేలకపోతే బెంగళూరులోనే దావా వేయండి. డబ్బు ఇక్కడి నుంచి వెళ్లింది, పెన్ను ఇక్కడికే వచ్చింది, అందుకని చెన్నై తిరగాల్సిన పని లేదు.

అంతవరకు పెన్నును మళ్లీ బిగించనివ్వకండి, కొత్త పాళీ వేయించకండి. హుడ్, పాళీ, పెన్ను గొట్టం దేనికది విడిగా, ఇప్పుడున్నట్టే ఒక కవరులో పెట్టి, రిపేరు పెద్దాయన సంతకంతో, తేదీతో సీలు చేయించి మీ దగ్గర ఉంచుకోండి.