గడి పట్టే ముందు జీతాల లెక్క చూసుకో

నాయనా,

ఒంగోలు హాస్టల్ నుంచి నువ్వు పంపిన ఆంటియోయ్ స్క్రీన్‌షాట్ చూశాను, అదే, ఆరు పలకల గడులు పట్టుకుంటూ రాజ్యం పెంచుకునే ఆ ఫోన్ ఆటది. ఏందిరా ఆ రాజ్యం! రాజధాని ఒక మూల, సైన్యం ఇంకో మూల, మధ్యలో ఒక్క గడి వెడల్పున సన్నటి దారి. ఎదుటివాడు ఆట తెలిసినవాడైతే నీ సైన్యం జోలికే రాడు. ఆ ఇరుకులో ఒక్క గడి లాక్కుంటాడు, రాజ్యం రెండు ముక్కలవుతుంది. తెగిన ముక్కకి కొత్త రాజధాని వస్తుంది గానీ ఖజానాలో పైసా ఉండదు. జీతాలు అందకపోతే అక్కడున్నవాళ్లంతా ఒక్కసారిగా చచ్చిపోతారు. ఆ సమాధుల మీద చెట్లు మొలుస్తాయి.

అందుకే కొత్త గడి పట్టే ముందు దాని ఆరు పక్కల్లో నీవి ఎన్నో చూడు. రెండు మూడైనా నీవై ఉండాలి. పొడుగ్గా పాకిన రాజ్యానికి సరిహద్దు ఎక్కువ, ముద్దగా ఉన్నదానికి తక్కువ. కాపలా ఖర్చు తేడా అంతా అక్కడే.

ఒక గడి మీద టర్నుకి వచ్చేది ఒక్క నాణెం. సైన్యంలో అందరికన్నా చిన్నవాడు రైతు, వాణ్ణి 10 పెట్టి కొంటే టర్నుకి 2 తింటాడు. ఇద్దర్ని కలిపి ఈటెవాణ్ణి చేస్తే వాడి జీతం 4 కాదు, 6. వాడికన్నా బలమైన బారన్‌కి 18. మీ కుర్రాళ్లకి బారన్ అంటే మోజు. 20 గడులు కూడా లేనివాడికి బారన్ ఎందుకు చెప్పు? తెచ్చావా, ప్రతి టర్నూ వాడు ఏదో ఒక గడి పట్టాలి. వాణ్ణి ఒకచోట నిలబెట్టి కాపలా కాయించడం శుద్ధ దండగ.

కాపలాకి టవర్ ఉంది. 15 నాణేలకి తన గడినీ, చుట్టూ ఆనుకున్న నీ గడులనీ కాస్తుంది. రైతు, ఈటెవాడు దాన్నేం చేయలేరు, బారన్ రావాల్సిందే. సరిహద్దు తిన్నగా ఉన్నచోట టవర్‌కీ టవర్‌కీ మధ్య రెండు గడులు వదులు. ఒకటే వదిలితే ఆ గడిని రెండూ కాస్తాయి, డబ్బు వృథా. మూడు వదిలితే నడిమిది బోసిగా మిగులుతుంది, వాడు సరిగ్గా అక్కడే దూరతాడు. 1995లో వచ్చిన స్లే అనే ఆట నుంచి ఈ తరహా ఆటలన్నిట్లో ఇదే కిటుకు.

పొలాలు రాజధానిని ఆనుకుని లోపలివైపుకే వెయ్యి. ఒక్కోటి టర్నుకి 4 నాణేలు తెస్తుంది గానీ తనను తాను కాపాడుకోలేదు.

చెట్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. మన చెరువుకట్ట మీద సర్కారు తుమ్మలాగా చూస్తుండగానే పాకిపోతాయి. చెట్టున్న గడి ఆదాయం సున్నా. పనిలేని రైతు ఎవడన్నా ఉంటే కొట్టించు, పైగా 3 నాణేలు వస్తాయి. నీటి ఒడ్డున మొలిచినవి ముందు కొట్టించు.

ఇప్పటికి ఈ ఆటలో ఇంక ముందుకి పోబాకు. ఆ ఇరుకు గడికి అటూ ఇటూ ఉన్నవి పట్టుకో, మిగిలిన డబ్బుతో అక్కడే టవర్ వెయ్యి. తర్వాత పక్కనున్న ఇద్దరూ కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చో, ఒకడికి జీతాలు ఆగిన టర్నులో కదులు. ఏమైందో స్క్రీన్‌షాట్ పంపు. రాత్రి పదకొండు దాటాక మాత్రం పంపబాకు, మీ చిన్నమ్మ ఫోన్ లాక్కుంటోంది.

మీ చిన్నాయన,
కావలి