ఈఎఫ్‌ 35 శాతమే.. నాన్నను నడవనివ్వొచ్చా?

ప్రశ్న: మా నాన్నకు 63 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్‌ వేశారు. ఈమధ్య ఎకో తీసి ఈఎఫ్‌ 35 శాతం ఉందని, ఇది హార్ట్‌ ఫెయిల్యూర్‌ (గుండె బలహీనత) అని చెప్పారు. మందులతో కాళ్ల వాపు, ఆయాసం తగ్గాయి. అయినా భయంతో గడప దాటనివ్వడం లేదు. ఉప్పు పూర్తిగా మాన్పించాం. దాంతో పక్కన ఆవకాయ ఉంటేనే ముద్ద దిగుతోంది. బలానికని రోజూ కొబ్బరి నీళ్లు ఇస్తున్నాం. సైంధవ లవణం వాడొచ్చా? నడిపిస్తే ప్రమాదమా?
- ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఈఎఫ్‌ (ఎజెక్షన్‌ ఫ్రాక్షన్‌) సంగతి. 35 అనగానే గుండె మూడొంతుల్లో రెండొంతులు పోయిందని హడలిపోతుంటారు. అది కాదు. గుండెలో ఎడమవైపు కింది గది అయిన ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత బయటికి వెళ్తోందో చెప్పే లెక్క అది. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ సుమారు 55 నుంచి 70 శాతమే వెళ్తుంది. మీ నాన్నగారికి తగ్గిన మాట నిజమే. మందులు మానకుండా వాడితే కొందరిలో మళ్లీ పెరుగుతుంది కూడా.

ఇక ఉప్పు. పూర్తిగా మాన్పించాల్సిన పనిలేదు. రోజంతటికీ 5 గ్రాములు, అంటే సమంగా ఒక టీస్పూను దాటకపోతే చాలు. హార్ట్‌ ఫెయిల్యూర్‌ రోగులపై చేసి, 2022లో వెలువడిన సోడియం-హెచ్‌ఎఫ్‌ అధ్యయనంలో, మామూలు సలహా పాటించినవారితో పోలిస్తే ఉప్పు మరీ తగ్గించినవారిలో మరణాలు గానీ, ఆసుపత్రిపాలవడం గానీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మీ ఇంట్లో జరుగుతున్నది ఇంకా విచిత్రం. చప్పిడి కూర వడ్డించి, పక్కన ఆవకాయ పెడుతున్నారు! ఆవకాయ, అప్పడాలు, చల్ల మిరపకాయలు, ఉప్పు చేప, మిక్చర్‌.. ఆపాల్సింది వీటిని. పొద్దున్నే ఆయన వంతుగా ముప్పావు టీస్పూను ఉప్పు చిన్న డబ్బాలో వేసి పెట్టండి. బ్రెడ్డు, బిస్కెట్ల వంటివాటిలో ఉండేదానికి మిగతా పావు సరిపోతుంది. ఆయన కూర, పప్పు విడిగా తీసి ఆ డబ్బాలోంచే వేయండి. నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి, కొత్తిమీర ధారాళంగా వాడండి. దోసకాయో బీరకాయో అప్పటికప్పుడు రోటి పచ్చడి చేస్తే ఆవకాయ మీదికి మనసు పోదు. పెరుగన్నంలో ఉప్పు వద్దు.

సైంధవ లవణమూ ఉప్పే, దాంట్లోనూ ఉండేది సోడియమే. లో-సోడియం ఉప్పుతో ఇంకో చిక్కు, అందులో పొటాషియం ఉంటుంది. గుండె బలహీనతకు ఇచ్చే స్పైరోనోలాక్టోన్‌, వాల్‌సార్టాన్‌ వంటి మందులు ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. కాబట్టి రక్తంలో పొటాషియం, క్రియాటినిన్‌ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూపించి, మీ డాక్టర్‌ సరేననే వరకు కొబ్బరి నీళ్లు, లో-సోడియం ఉప్పు ఆపండి. మంచినీళ్లకు డాక్టర్‌ పరిమితి పెట్టి ఉంటే టీ, మజ్జిగ, చారు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

రోజూ ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, టిఫిన్‌కు ముందు బరువు చూసి క్యాలెండర్‌ మీద రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్లు వాచే వరకు ఆగకుండా ఆరోజే డాక్టర్‌కు ఫోన్‌ చేయండి.

నడక విషయంలో మీ భయం అర్థమవుతోంది. కానీ మంచం మీదే ఉంచితే కండలు కరిగి, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. ఈఎఫ్‌ 35, అంతకన్నా తక్కువ ఉన్న 2,300 మందికి పైగా రోగులతో చేసిన హెచ్‌ఎఫ్‌-యాక్షన్‌ అధ్యయనం 2009లో వెలువడింది. వ్యాయామం సురక్షితమేనని అందులో తేలింది. మీ కార్డియాలజిస్టును ఒకసారి అడిగి, చదునైన చోట పూటకు 5-10 నిమిషాలతో మొదలుపెట్టండి. వారం వారం కాస్త పెంచుతూ అరగంటకు చేర్చండి. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్‌ మందులు వాడేవారిలో నాడి పెద్దగా పెరగదు, అందుకని చేతి వాచీలో అంకెలు చూసుకుని నడవొద్దు. తిన్న వెంటనే, ఎండలో నడక వద్దు. ఊపిరి బిగపట్టి నీళ్ల బిందెలు, గ్యాస్‌ సిలిండర్లు ఎత్తనివ్వకండి. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం తొడలకు మంచిది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ వస్తే ఆపేయాలి. నొప్పి తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కూర్చున్నా ఆయాసంగా ఉన్న రోజు అసలు నడవొద్దు, డాక్టర్‌కు చూపించండి.

నడక మొదలయ్యాక మోకాళ్లు నొప్పి అంటారు. అప్పుడు మందుల షాపుకెళ్లి డైక్లోఫెనాక్‌, ఐబుప్రోఫెన్‌ తేకండి. అవి ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. గ్యాస్‌కని నీళ్లలో కలిపితే పొంగే పొడులు కూడా వద్దు, వాటిలోనూ సోడియమే.