ఒక్క రకం వచ్చిన రోజు యాప్ ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: ఏనుమాముల మార్కెట్ మిర్చి ధరలను రైతులకు చూపే ఆండ్రాయిడ్ యాప్‌ను జావాలో రాస్తున్నాను. తేజ, వండర్ హాట్, చపాట వంటి పలు రకాలు అమ్మకానికి వచ్చిన రోజు వెబ్ సర్వీసు అర్రే (అంశాల జాబితా) పంపుతోంది. ఒక్క రకమే వస్తే ఆబ్జెక్టును (ఒకే అంశపు వివరాల కట్టను), సెలవు రోజున ఖాళీ టెక్స్ట్‌ను పంపుతోంది. క్వింటాల్ ధర ఒకసారి అంకెగా, మరోసారి "18,500" అని కామాతో టెక్స్ట్‌గా వస్తోంది. అర్రే రానప్పుడల్లా యాప్ ఆగిపోతోంది. ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఎక్స్ఎంఎల్ (ట్యాగుల మధ్య సమాచారాన్ని రాసే పద్ధతి)లో ఉన్న సమాచారాన్ని జేసన్ (JSON, వెబ్ సర్వీసులు సమాచారాన్ని పంపే టెక్స్ట్ రూపం)లోకి మార్చి పంపే సర్వీసుల్లో సరిగ్గా ఈ లక్షణాలే కనిపిస్తాయి. ఎక్స్ఎంఎల్‌లో అర్రే అనే ప్రత్యేక రూపం లేదు; ఒకే ట్యాగు పదేపదే వస్తే అదే జాబితా. అందువల్ల ట్యాగు ఒక్కసారే వచ్చినప్పుడు అది ఒకే అంశమున్న జాబితానా, అసలు జాబితా కాదా అన్నది మార్చే ప్రోగ్రాముకు తెలియదు, ఆబ్జెక్టుగా రాసేస్తుంది. సర్వీసు నడిపేవారికి మూడు రూపాల నమూనాలనూ జతచేసి తప్పక రాయండి, సరిదిద్దవలసిన అసలు చోటు అదే.

ఈలోగా మీరు జీసన్ (Gson, జేసన్‌ను జావా ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) వాడుతుంటే, రకాల జాబితా వచ్చే ఫీల్డుకు సొంత డీసీరియలైజర్ (వచ్చిన టెక్స్ట్‌ను జావా విలువగా మార్చే కోడు) రాయండి. అర్రే వస్తే ఉన్నదున్నట్టుగా, ఆబ్జెక్టు వస్తే ఒకే అంశమున్న జాబితాగా, నల్ (విలువ లేదనే గుర్తు) గాని ఖాళీ టెక్స్ట్ గాని వస్తే ఖాళీ జాబితాగా అది అందించాలి. అలాంటిదే మరో లైబ్రరీ అయిన జాక్సన్‌లోనైతే ఒంటరి విలువను అర్రేగా స్వీకరించే సెట్టింగ్ సిద్ధంగానే ఉంది. ఈ పని ఒక్క చోటే జరగాలి. ప్రతి తెరలోనూ రూపాన్ని తనిఖీ చేయడం మొదలుపెడితే ఏదో ఒక చోట మరచిపోవడం ఖాయం.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. సర్వర్ పంపే ఎర్రర్ సందేశం కూడా ఆబ్జెక్టే కావచ్చు. దాన్ని మీ కోడు ఒక మిర్చి రకంగా భావించి జాబితాలో చేరుస్తుంది. ధర ఫీల్డు ఇంట్ (పూర్ణాంక రకం) అయి ఉంటే, లేని విలువ స్థానంలో జీసన్ మారుమాట లేకుండా సున్నాను వదిలేస్తుంది. కనుక రకం పేరు, ధర రెండూ ఉంటేనే స్వీకరించండి. ధరను ముందు టెక్స్ట్‌గా చదివి, కామాలు తీసేసి, బిగ్‌డెసిమల్‌గా (దశాంశాలను కచ్చితంగా ఉంచే జావా సంఖ్యా రకంగా) మార్చండి. మార్చలేకపోతే "ధర అందలేదు" అని చూపండి, సున్నా మాత్రం ఎన్నటికీ వేయవద్దు. బస్తాలను బండికెత్తాలా, కోల్డ్ స్టోరేజీలోనే ఉంచాలా అని రైతు తేల్చుకునేది ఆ అంకెను చూసే.

తేదీ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. జేసన్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు, అది టెక్స్ట్‌గానే వస్తుంది. "05-03-2025" అంటే మార్చి 5నా, మే 3నా అని సర్వీసు వారిని అడిగి రూఢి చేసుకొని, ఆ నమూనాను కోడులో స్పష్టంగా రాయండి.